పూటకూళ్ళయిల్లు: తీరపట్టణముల బస చరిత్రలో మఱచిన ప్రకరణము

విశాఖపట్టణమునుండి సముద్రపుటొడ్డు వెంబడి ఉత్తరముగా సుమారు 25 కిలోమీటర్లు పోయినచో భీమునిపట్టణము చేరవచ్చును. గోస్తనీనది అచ్చట సముద్రమున గలియుచున్నది. కొండమీద నరసింహస్వామి యాలయము, పావురాలకొండపై బౌద్ధవిహారముల శిథిలములు, తీరమున డచ్చివారి సమాధులు, పాత దీపస్తంభము, గడియారపు గోపురము మున్నగు పెక్కు కాలముల చిహ్నములు ఆ చిన్నయూర నొక్కచో గానవచ్చును. నేడు సెలవుదినములలో ఈ తీరమునకు వచ్చువారిలో గొందఱు పెద్ద హోటళ్ళలో దిగక, గృహస్థులు తాము కాపురమున్న యింటనే యొకటి రెండు గదులు విడిచి, ఉదయమున ఫలహారము పెట్టి, వెల పుచ్చుకొను నిండ్లలో బస చేయుచున్నారు. ఈ పద్ధతి సీమనుండి దిగుమతియైన క్రొత్త వాడుకయని పలువురి తలంపు. ఆ తలంపు సరికాదని, వెలకు ఇంట నతిథిని నిలుపు వృత్తి మన దేశమున మిక్కిలి ప్రాచీనమని, దానికి మన భాషలో స్వంతమగు పేరు కూడ గలదని, అయినను ఆ పేరు కాలక్రమమున నిందావాచకమగుటచే దాని చరిత్ర యెవరికిని బట్టకపోయినదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆ పేరు పూటకూళ్ళయిల్లు. పూట యనగా దినమున నొక భాగము. అందుండి యొక భోజనవేళ యను నర్థము వచ్చినది. కూడు అన్నము; దాని బహువచనము కూళ్ళు. పూటకింత యని వెల యేర్పఱచి యన్నము పెట్టు నిల్లు గనుక పూటకూళ్ళయిల్లు. దానిని నడపు పురుషుడు పూటకూళ్ళవాడు, స్త్రీ పూటకూళ్ళమ్మ. 1852లో వెలువడిన బ్రౌనుదొర నిఘంటువున నీ మాట భోజనశాలయను నర్థమున నెక్కియున్నది. ప్రాచీనకావ్యమున పూటకూటియిల్లు అను రూపము కలదు. ఈ సమాసమున ‘ఇల్లు’ అను పదమును విడువక గమనింపవలెను. అది శాల కాదు, సత్రము కాదు, అంగడి కాదు, ఇల్లు.

చరిత్రకారుడు మూడింటిని వేఱుపఱచి చూడవలెను. సత్రమున బాటసారికి వెల లేదు. దాత యొకడు, నిర్వాహకు డొకడు, అతిథి మఱియొకడు. హోటలున వెల గలదు. కాని యజమాని కాపురము వేఱు, వ్యాపారము వేఱు. పూటకూళ్ళయింట వెలయు గలదు, ఇంటివారును ఇంటనే యుందురు. బాటసారి వారి నూతినీళ్ళు త్రాగి, వారి పొయ్యిమీది వంట తిని, వారి యరుగుమీదనో కొట్టుగదిలోనో పండుకొనును. ఈ రెండు లక్షణములును గూడినదే నేడు తీరపట్టణములలో గానవచ్చు ఇంటిబస.

ఈ విభాగము క్రొత్తది కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున రెండవ యధికరణమందలి నాగరిక ప్రకరణమున ధర్మావసథములను నిర్వహించువారు పాషండులను, పథికులను అధికారికి దెలిపి నిలుపవలెనని విధించి, దాని వెంటనే మద్యము, వండిన మాంసము, వండిన యన్నము అమ్మువారు తా మెఱిగినవారిని తమ యొద్ద నిలుపవచ్చునని చెప్పబడినది. అన్నమమ్మువానికి అచ్చట ఔదనికుడని పేరు. ఓదనమనగా కూడే గనుక, ఔదనికుడు మన పూటకూళ్ళవాడే యనుట యుక్తము. ధర్మశాల యొకటి, వెలకు బస యిచ్చునది మఱియొకటి యని రాజ్యాంగము ఆనాడే రెంటిని బేర్కొనినది. వెల పుచ్చుకొను వానికి ‘ఎఱిగినవారు’ అను నియమ ముండుటయు గమనింపదగినది. ఇంట నతిథిని నిలుపుటకు నమ్మకమే మూలధనము గదా.

అయినను మన శాసనములను వెదకినచో సత్రమే కానవచ్చును గాని పూటకూళ్ళయిల్లు కానరాదు. దీనికి గారణము సులభము. దానము చేసినవాడు ఱాతిమీద వ్రాయించుకొనును. వెల పుచ్చుకొన్నవాడు వ్రాయించుకొనడు. 1261లో రుద్రమదేవి కాలమునాటి మల్కాపుర శాసనమును జూడుడు. గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వరశివుడు మందడమున నేర్పఱచిన ధర్మసంస్థలలో పాఠశాల, ఆరోగ్యశాల, ప్రసూతిశాలలతో పాటు సత్రమును గలదు. బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వఱకు వచ్చిన వారి కెల్ల నచ్చట నన్నము పెట్టవలెనని దాని నియమము. అంతటి యుదారసంస్థ చరిత్రలో నిలుచుట న్యాయమే. కాని ఱాతికెక్కినది మాత్రమే యుండెననుకొనుట న్యాయము కాదు. సత్రమునకు భూమి గావలెను, దాత గావలెను, రాజు రక్షణ గావలెను. ఇవి లేని యూళ్ళలో గూడ మనుష్యులు ప్రయాణము చేసిరి, తినిరి, పండుకొనిరి.

ఱాయి చెప్పనిదానిని కావ్యము చెప్పినది. వినుకొండ వల్లభరాయని పేర బ్రసిద్ధమైన క్రీడాభిరామము ఓరుగంటి వీథులలో గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిద్దఱు మిత్రుల యొకనాటి సంచారమును వర్ణించునది. వారి భోజనము పూటకూటియింట. ఆ యింటి యజమాని పేరు లక్ష్మణవజ్ఝల. వెల యొక రూక. అందుకు వడ్డించినవి కర్పూరభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, క్రొత్తగా గాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. కవి చెప్పిన వెలను అంగడిపట్టీవలె నమ్మవలెనని కాదు. పద్యమునకు గొంత రుచి చేర్చియుండును. కాని మూడు సంగతులు మాత్రము నిశ్చయముగా గ్రహింపవచ్చును. పట్టణమున వెలకు భోజనము దొరకుచుండెను. అది గృహస్థుని పేర బ్రసిద్ధమైన యింట దొరకుచుండెను. ఆ గృహస్థుడు బ్రాహ్మణుడైనను, అతని వృత్తిని చెప్పునపుడు కవి యెట్టి నిందయు జేయలేదు, వంటను మెచ్చుకొనెను. ఈ మూడవది మిక్కిలి ముఖ్యము. పూటకూళ్ళకు చెడుపేరు తొలినుండి లేదు, నడుమ వచ్చినది.

జానపదకథలును దీనినే బలపఱచును. రాజకుమారుడు పరదేశమునకు బోయినపుడు ఊరి వెలుపల బేదరాశి పెద్దమ్మ యింట దిగును. ఆమె చేతిలో నతడు కొంత ధనము పెట్టును. ఆమె వండిపెట్టి, ఊరివార్త చెప్పి, ఆపదలో దారి చూపును. ఆమె కథలో నీచపాత్ర కాదు. భర్తయు బిడ్డలును లేక, ఇల్లును పొయ్యియు మాత్రమే మిగిలిన ముదుసలి బాటసారివలన బ్రదుకుట మన పల్లెలకు దెలిసిన సంగతియే యని ఈ కథలు సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇక తీరమునకు వత్తము. భీమునిపట్టణమున డచ్చివారు 17వ శతాబ్దిలో వర్తకశాల నెలకొల్పిరి. 1754లో మహారాష్ట్రసేనలు దానిని గొల్లగొట్టినవి. 1824 నాటి సంధిననుసరించి 1825లో ఆ స్థావరము ఇంగ్లీషువారి వశమాయెను. 19వ శతాబ్దిలో ఓడరేవుగా బెంపొంది, 1860 దశకముననే పురపాలన మేర్పడిన కొలదియూళ్ళలో నొకటి యాయెను. పిదప 1890 దశకమున తూర్పుతీరపు రైలుమార్గము విజయనగరము మీదుగా బోయి ఈ యూరిని విడిచెను. 1933లో విశాఖపట్టణపు నౌకాశ్రయము తెఱవబడగా వర్తకము పూర్తిగా నటు మరలెను. వర్తకము పోయిన పిమ్మట మిగిలినది సముద్రము, గాలి, పాతకట్టడములు. రేవుపట్టణము విశ్రాంతిపట్టణముగా మాఱుట కిదియే కారణము. ఓడల సందడి తగ్గినందుననే నేడు విశ్రాంతి గోరువారికి అది యింపగుచున్నది.

ఇట్టి తీరమున బసచేయుటలో తరగతిభేదము స్పష్టముగా గానవచ్చును. సంస్థానాధిపతులు తమకు దామే మేడలు కట్టించుకొనిరి. విశాఖ సముద్రతీరమున జయపురము మహారాజు కట్టించిన హవామహలు నేటికిని నిలిచియున్నది. దొరతనపు టుద్యోగులకు ముసాఫరు బంగళాలుండెను. యాత్రికులకు సత్రములుండెను, 1880 దశకమున జిల్లా కలెక్టరుగా నుండిన టర్నరు పేర విశాఖలో వెలసిన సత్రము ఈ తెఱగుదే. ఇక మిగిలినవారు, అనగా వ్యాజ్యములకై కచేరికి వచ్చినవారు, ఉద్యోగము వెదకువారు, కళాశాలలో జదువవచ్చిన బాలురు, చిల్లరవర్తకులు, ఎచ్చట దిగవలెను? వారికి మేడ లేదు, బంగళాలో బ్రవేశము లేదు. సత్రమున గొలదిదినములకన్న నిలుచుట మర్యాద కాదు. నెలలకొలది నుండవలసిన వానికి పూటకూళ్ళయిల్లే గతి. విజయనగరమున 1857లో స్థాపితమైన మహారాజావారి పాఠశాల, 1879లో దాని నుండి పెరిగిన కళాశాల, విశాఖలోని జిల్లాకచేరి, ఇవియే ఈ యిండ్లను బోషించినవని యూహించుట తప్పు కాదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, తిరుగుదారిలో పూరీనుండి ఈ తీరపుబాట వెంటనే వచ్చి, 1831 సెప్టెంబరులో నిల్లు చేరెను. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. ప్రతి మజిలీలో సత్రము గలదా, చావడి గలదా, అంగడి గలదా, సరకులు దొరకునా, నీళ్ళు మంచివా యని ఆయన వ్రాసియుంచెను. గుడారములతోను, పెద్ద పరివారముతోను పోయిన ఆ మహనీయునకే బస యింత విచారకారణమైనపుడు, చేతిమూటతో నడచినవాని సంగతి చెప్పనేల?

వెలకు బస యిచ్చు నిండ్లు ప్రభుత్వముయొక్క దృష్టిలో మొదట బడినది ఈ తీరముననే. పూరీలో యాత్రికులకు వెలకు గదులిచ్చు నిండ్లలో జనము క్రిక్కిఱిసి విషూచి వ్యాపించుచుండుటచే, 1871లో వంగరాష్ట్రప్రభుత్వము ఆ పట్టణపు బసయిండ్లకై ప్రత్యేకశాసనము చేసెను. ఇంటిని వైద్యాధికారి చూచి, ఇందఱను నిలుపవచ్చునని నిర్ణయించిన పిమ్మటనే అనుమతిపత్రము. జగన్నాథమునకు బోయిన తెలుగుయాత్రికులును ఆ యిండ్లలో దిగినవారే. సత్రమును బుణ్యముగా జూచిన లోకము, వెలయింటిని మొదట జూచినది రోగస్థానముగా. పూటకూళ్ళకు వచ్చిన యపకీర్తిలో ఇది యొక పాలు.

రెండవ పాలు ధర్మశాస్త్రమునది. మనుస్మృతి పదవ యధ్యాయమున, ఆపత్కాలమున వర్తకము చేయు బ్రాహ్మణుడు అమ్మరాని వస్తువులలో వండిన యన్నము చేర్చబడియున్నది. అన్నవిక్రయము పాపమను నీతి జనుల మనస్సున బాతుకొనుటకు ఇట్టి విధులు తోడ్పడినవి. లక్ష్మణవజ్ఝల యింట రూక యిచ్చి తిన్న మంచనశర్మ దీనిని లెక్కచేయలేదు. తరువాతి కాలమువారు, వృత్తి స్త్రీచేతిలోనికి వచ్చిన పిమ్మట, మిక్కిలి లెక్కచేసిరి.

మూడవ పాలు ఆ స్త్రీదే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున బ్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెంపొందించిన రూపమున వెలువడినది. అందు పూటకూళ్ళమ్మ కలదు. ఆమె వితంతువు. గిరీశ మామె యింట దిని, ఆమె సరకుల కిచ్చిన సొమ్మును వేఱొకచోట వ్యయపఱచును. ఆమె చీపురుకట్టతో వచ్చినపుడు ప్రేక్షకులు నవ్వుదురు. నవ్వవలసిన దామెను గాదు. ఆ ఘట్టమున గష్టపడి యార్జించినది యామె యొకతెయే, మోసపోయినదియు నామెయే. రచయిత యది యెఱుగును. అందుచేతనే గిరీశమునకు జోడుగా నామెను నిలిపెను. కాని జనవ్యవహారమున మిగిలినది చీపురుకట్టయే. ‘పూటకూళ్ళమ్మ’ యనిన నోరుగల స్త్రీ యనియు, శీలము శంకింపదగినదనియు నొక వాడుక స్థిరపడినది.

ఆమె యేల యీ వృత్తి చేపట్టెనో విచారింపుడు. ఆనాడు ఉమ్మడికుటుంబపు వితంతువునకు భర్త యాస్తిలో భాగము లేదు, పోషణ మాత్రమే. జీవితకాలపు భాగమునైన నిచ్చినది 1937 నాటి చట్టము. సంపూర్ణస్వామ్య మిచ్చినది 1956 నాటి హిందూవారసత్వచట్టము. పునర్వివాహము 1856లో చట్టసమ్మతమైనను, తెలుగుదేశమున వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటిది జరిపించినది 1881 డిసెంబరులో. చదువు లేదు, ఉద్యోగము లేదు, ఆస్తి లేదు. ఉన్నవి నిలువనీడ, వంటనేర్పు. ఆ రెంటినే మూలధనముగా జేసికొని, ఒకరి వాకిట జేయి చాపక బ్రదికినది పూటకూళ్ళమ్మ. ఆమె యింటికి వచ్చిన విద్యార్థి చదివి మునసబు కావచ్చును. ఆమెకు మాత్రము సంఘము గౌరవ మీయలేదు.

ఇందుకు ఎదురుగా నొక యుదాహరణము చూడుడు. గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వచ్చిన బాటసారి కెల్ల తమ యింట నన్నము పెట్టి నిరతాన్నదాత్రియని కీర్తి గాంచిరి. గన్నవరపు జలవాహిని వంతెనకు వారి పేరు. ఆంధ్రప్రదేశమున 2024లో బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును వారి పేరు. ఆ కీర్తి సర్వథా తగినది. నే నడుగునది యిది మాత్రమే: ఆమెకు భూవసతి గలదు, తోడైన భర్త గలడు, అందుచే వెల లేక పెట్టగలిగెను. ఆ రెండును లేని స్త్రీ వెలకు బెట్టినచో, తినిన బాటసారి యాకలి తీరలేదా? అన్నదాత్రికి ప్రతిమయు, అన్నవిక్రేత్రికి పరిహాసమును ఈయవలసినంత దూరము ఆ యిద్దఱి నడుమ లేదు.

సీమలోను నిట్లే జరిగినది. ఇంగ్లాండు పశ్చిమతీరమున బ్లాక్‌పూల్ అను నూరికి 1846లో రైలు వచ్చిన పిమ్మట, నూలుమిల్లుల కూలివారు సెలవులకు సముద్రము చూడ వేలకొలది రాసాగిరి. వారికి బస యిచ్చినవారు చిన్నయిండ్ల గృహిణులు. వారిలో వితంతువులును బెక్కుమంది. ఆ యింటామెను గూడ హాస్యపటములలో, నాటకశాలలలో, లోభియనియు గయ్యాళియనియు ఎగతాళి చేసిరి. కాని 1978లో జాన్ వాల్టన్ అను చరిత్రకారుడు ఆ గృహిణులనుగూర్చి యొక గ్రంథమే రచించి, ఆ విశ్రాంతిపట్టణము వారి శ్రమమీద నిలిచెనని నిరూపించెను. పరిహాసము రెండుదేశములలోను సమానమే. చరిత్ర మాత్రము ఒక దేశముననే వ్రాయబడినది.

ఈ విషయము తీరవాసులకే గాని మాకేల యని కొడంగలు, తాండూరు ప్రాంతముల పండితులు తలంపవచ్చును. వారి సీమ ఈ పరిశోధనకు మిక్కిలి యనువైనది. 1956 వఱకు కొడంగలు హైదరాబాదు రాజ్యమున గుల్బర్గాజిల్లాలోనిది; పిదప మహబూబునగరమునకును, 2016లో వికారాబాదు జిల్లాకును జేరినది. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినవచ్చు సరిహద్దు అది. కన్నడ మహారాష్ట్రదేశములలో పూటకూళ్ళయింటిని ఖానావళి యందురు. ఉర్దూలో ధర్మార్థపు బసకు ముసాఫిరుఖానా యని పేరు. పూటకూళ్ళు, ఖానావళి, ముసాఫిరుఖానా అను నీ మాటలలో నేది యే యూర, ఏ వీథిని, ఎవరి నోట నిలిచెనో విచారించినచో, బాటసారుల చరిత్రయే బయల్పడును. 1874లో వాడినుండి సికందరాబాదునకు రైలు నడచినపుడు తాండూరు స్టేషనున దిగినవారు కొడంగలు వేంకటేశ్వరస్వామి సేవకు బోవుచు నెవరి యింట భోజనము చేసిరి? వికారాబాదు చెంత అనంతగిరికి మొదట అనంతపద్మనాభస్వామికొఱకును, పిదప క్షయరోగచికిత్సకొఱకును, నేడు చల్లగాలికొఱకును జనులు వచ్చుచున్నారు. దైవము, ఆరోగ్యము, విశ్రాంతి యను నీ వరుస భీమునిపట్టణముకన్న నచ్చటనే స్పష్టముగా నున్నది.

నేడు భారతప్రభుత్వపు పర్యాటకశాఖ ఇంటిబసలకు నియమము లేర్పఱచినది. యజమాని కుటుంబముతో ఆ యింటనే కాపురముండవలెను; ఒకటి మొదలు ఆఱు గదుల వఱకు మాత్రమే అతిథులకు విడువవచ్చును; ఇంటి స్థితినిబట్టి స్వర్ణము, రజతము అని రెండు తరగతులు. ఈ నియమములు చదివినపుడు లక్ష్మణవజ్ఝల యిల్లే స్ఫురించును. లక్షణము మాఱలేదు, పేరు మాత్రము మాఱినది. ఆంగ్లనామముతో వచ్చినపుడు గౌరవమును, తెలుగునామముతో నున్నపుడు పరిహాసమును బొందుట వృత్తిదోషము కాదు, మన దృష్టిదోషము.

కావున పాఠశాలాపండితులకు నాదొక మనవి. శాసనములను జదువుటకు బెక్కుమంది గలరు. పూటకూళ్ళయిండ్లకు శాసనములు లేవు. వానికి సాక్ష్యము ఇంటిలెక్కల పుస్తకములలో, మరణశాసనపత్రములలో, పురపాలకసంఘముల యనుమతి పట్టీలలో, బాకీ వ్యాజ్యముల కాగితములలో, ముదుసలుల జ్ఞాపకములో నుండును. మీ యూర ఏ వీథిని ఏ యమ్మ పూటకూళ్ళు పెట్టెనో, నెలకెంత పుచ్చుకొనెనో, ఎవరెవ రామె యింట దిని పెద్దవారైరో యడిగి వ్రాసియుంచుడు. తమ విద్యాభ్యాసమునుగూర్చి చెప్పు పెద్దలు గురువుల పేర్లు దలంతురు. అన్నము పెట్టినామె పేరు దలంపరు. ఆమె పేరైన దొరకినచో చరిత్రకు లాభము. ఆమె ఋణమును గొంత దీర్చినట్లును అగును.